మట్టిదారి తెరకెక్కిన తీరు: కంప్యూటర్ ర్యాలీ ఆటల చరిత్ర, కోనసీమ నేల

మోటారు పందేలలో ర్యాలీది వేరే తీరు. ట్రాక్ పందెంలో కార్లన్నీ ఒకేసారి బయలుదేరి, పందెం కోసమే కట్టిన తారుబాట మీద ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ర్యాలీలో ఒక్కొక్క కారు కొంత వ్యవధి ఇచ్చుకుంటూ విడివిడిగా బయలుదేరి, ఆ పూటకు రాకపోకలు ఆపిన మామూలు దారి మీద కేవలం గడియారంతో పోటీపడుతుంది. ఇలా సమయం లెక్కించే దారి ఖండాన్ని స్టేజీ అంటారు. మాంటెకార్లో ర్యాలీ 1911లో, తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ 1953లో మొదలు కాగా, వీటి వంటివాటిని ఒక వరుసలోకి తెచ్చిన ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1973లో ఏర్పడింది. దారి మొత్తాన్ని డ్రైవరు కంఠస్థం చేయడం అసాధ్యం కాబట్టి, ముందుగా చూసి రాసుకున్న మలుపుల పట్టికను, అంటే పేస్ నోట్సును, పక్కసీటులోని కో-డ్రైవర్ చదివి వినిపిస్తాడు. ఈ పద్ధతి శక్తి ఎంతటిదో ఇటలీలో 1955లో జరిగిన మిలె మిల్యా అనే వెయ్యి మైళ్ల రోడ్డు పందెం లోకానికి చాటింది. ఆ పందెంలో డెనిస్ జెంకిన్సన్ అనే పాత్రికేయుడు పొడవాటి కాగితపు చుట్ట మీద దారి వివరాలు రాసుకొని, చేతి సైగలతో అందిస్తూ ఉండగా, స్టిర్లింగ్ మాస్ గంటకు దాదాపు 157 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచాడు.

ఈ పోటీ కంప్యూటర్ ఆటగా మారిన చరిత్రను సాధారణంగా బొమ్మల నాణ్యత పెరిగిన క్రమంగా చెబుతుంటారు. అది సగం చరిత్రే. కారు ఆకారాన్ని తెర మీద గీయడం తొందరగానే సాధ్యమైంది. ఆ కారు కింద ఉన్న నేలను, అంటే కంకరను, ఇసుకను, తడి మట్టిని, బండ్లు తిరిగి లోతైన గాడిని గణితంలోకి దించడానికి మాత్రం మూడు దశాబ్దాలు పట్టింది, ఆ పని ఇంకా ముగియలేదు. ర్యాలీ ఆటలలో ఏది గొప్పది, ఏది కాదు అని తేల్చడానికి నేలను మించిన గీటురాయి లేదు.

ఈ గీటురాయి కోనసీమ పాఠకులకు వేరే వివరణ లేకుండానే అందుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన ఈ లంకల సీమలో, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత, దారులు చాలావరకు ఆ కాలువగట్లనే ఆశ్రయించుకున్నాయి. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించడానికి గన్నవరం దగ్గర 19వ శతాబ్ది మధ్యలో అక్విడక్టు కట్టారు. మనుషులూ బండ్లూ నది దాటడానికి మాత్రం చాలాచోట్ల పడవలు, పంట్లే దిక్కయ్యాయి. యానాం, ఎదుర్లంకల మధ్య జి.ఎం.సి. బాలయోగి పేరిట వారధి 2000 దశకం ఆరంభంలో గానీ రాలేదు. పొలాల మధ్య పుంతలు ఎండాకాలంలో రాయిలా గట్టిపడి, తొలకరి పడగానే బండి చక్రాన్ని సగం దాకా మింగుతాయి. సముద్రతీరానికి దగ్గరైన కొద్దీ రేగడి పోయి ఇసుక వస్తుంది, జారుడు పోయి దిగబడడం మొదలవుతుంది. వరిచేలో దమ్ము చేసే ట్రాక్టరుకు రబ్బరు టైర్లు తీసి ఇనుప దమ్ము చక్రాలు తొడగడంలో ఉన్న శాస్త్రం, ర్యాలీ కారుకు నేలను బట్టి టైరు మార్చడంలో ఉన్న శాస్త్రం ఒక్కటే: పట్టు అనేది చక్రంలో ఒక్కదానిలోనే లేదు, నేలలో ఒక్కదానిలోనే లేదు, ఆ రెంటి కలయికలో ఉంది.

తొలినాటి కంప్యూటర్ ఆటలకు ఈ సంగతి పట్టలేదు. 1980లలో వచ్చిన ర్యాలీ ఆటలలో మట్టి అంటే గోధుమరంగు, మంచు అంటే తెలుపు. రంగు మారినంతగా కారు నడత మారేది కాదు. జపానుకు చెందిన సెగా సంస్థ 1995 ప్రాంతంలో నాణెం వేసి ఆడే యంత్రాలలో విడుదల చేసిన సెగా ర్యాలీ ఛాంపియన్‌షిప్ ఈ స్థితిని మార్చింది. తెత్సుయా మిజుగుచి నిర్మాణంలో వచ్చిన ఆ ఆటలో తారు నుంచి మట్టి మీదికి, మట్టి నుంచి బురదలోకి దిగిన ప్రతిసారీ పట్టు మారిపోయేది. దానిలో మొదటినుంచీ అందుబాటులో ఉన్న కార్లు టొయోటా సెలికా, లాన్సియా డెల్టా రెండే అయినా, మూడు రకాల నేల ఉండడంతో ఆట లోతు ఎన్నో రెట్లు పెరిగింది. అది 1997లో విండోస్ కంప్యూటర్లకూ వచ్చింది.

ఆ మరుసటి ఏడాది బ్రిటన్‌కు చెందిన కోడ్‌మాస్టర్స్ సంస్థ విడుదల చేసిన కాలిన్ మెక్‌రే ర్యాలీతో ర్యాలీ ఆటకు ఒక గొంతు వచ్చింది. మెక్‌రే 1995 ప్రపంచ విజేత. ఆటలో నోట్సు చదివింది అతని అసలు కో-డ్రైవర్ నికీ గ్రిస్ట్. వారి పద్ధతిలో మలుపులకు 1 నుంచి 6 వరకు అంకెలు ఉంటాయి. 1 అంటే దాదాపు ఆగి తిరగవలసిన మలుపు, 6 అంటే వేగం తగ్గించకుండానే దాటగలిగేది. "ఆరు కుడి, వంద, మిట్ట, మూడు ఎడమ, లోపలికి కోయొద్దు" అన్న ధోరణిలో మాట వినపడినప్పుడు, వంద మీటర్ల తరువాత ఒక మిట్ట ఉందనీ, దాని అవతల కనపడని మలుపు ఎడమకు తిరుగుతుందనీ, దాని లోపలి అంచున రాయో గొయ్యో పొంచి ఉందనీ ఆటగాడు గ్రహించాలి. కంటికి కనిపించని దానిని చెవితో చూడడం ఈ ఆటల ప్రాణం. తక్కిన కార్ల ఆటలలో శబ్దం ఆపేసి ఆడినా పెద్ద నష్టం లేదు. ఇక్కడ శబ్దం ఆపితే ఆటే లేదు.

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించగా, 2000 తొలి ఏళ్లకు ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాలలో గంటకింత అని తీసుకొనే నెట్ సెంటర్లు వెలిశాయి. వాటిలో రాజ్యమేలినవి రోడ్ ర్యాష్, నీడ్ ఫర్ స్పీడ్, తరువాత వైస్ సిటీ. గంట లెక్కన డబ్బు కట్టి, పక్క కుర్చీలోని స్నేహితుడిని ఓడించాలనుకొనే కుర్రవాడికి, ఒంటరిగా గడియారంతో తలపడుతూ, ఒక్క తప్పుతో పది నిమిషాల శ్రమ చెట్టుకు కొట్టుకుపోయే ర్యాలీ ఆట గిట్టుబాటు కాదన్నది తేలికగా ఊహించదగినదే. ర్యాలీ ఆట స్వభావరీత్యా ఇంటి కంప్యూటర్‌కు చెందినది. కోనసీమ వంటి ప్రాంతాలలో ఇంటి కంప్యూటర్ అనేది ఇంజనీరింగ్ చదువు వెంట వచ్చింది. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఆ చదువును మరెన్నో కుటుంబాలకు చేరువ చేసింది.

ఆ ఇంటి కంప్యూటర్ల దగ్గర స్టీరింగ్ చక్రం కాదు, కీబోర్డే సాధనం. కీబోర్డు మీట నొక్కితే పూర్తిగా నొక్కినట్టు, వదిలితే పూర్తిగా వదిలినట్టు. మధ్య స్థితి లేదు. అందువల్ల మీటను టకటకా తట్టి వదులుతూ మలుపును ముక్కలుముక్కలుగా తీసుకోవడం ఒక నైపుణ్యంగా స్థిరపడింది. కంకర మీద ఇరుకు మలుపు కుడికి వచ్చినప్పుడు చేతులు తిరిగిన ఆటగాడు ముందు కారును క్షణకాలం ఎడమకు తిప్పుతాడు. యాక్సిలరేటర్ వదలగానే బరువు ముందు చక్రాల మీద పడి వెనకభాగం తేలికవుతుంది, అప్పుడు కుడికి తిప్పితే వెనక చక్రాలు జారి కారు ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది, ఆ తరువాత యాక్సిలరేటర్ తొక్కితే నాలుగు చక్రాలూ నేలను పట్టుకొని బయటకు లాగుతాయి. స్కాండినేవియా డ్రైవర్లు ప్రసిద్ధం చేసిన ఈ ఒడుపు నాలుగు మీటలతోనూ సాధ్యమే కావడం గమనించదగినది.

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు 2004. ఆ సంవత్సరం వార్‌థాగ్ సంస్థ రూపొందించగా ఎస్‌సీఐ విడుదల చేసిన రిచర్డ్ బర్న్స్ ర్యాలీ ఆటగాడిని లాలించడానికి పూర్తిగా నిరాకరించింది. మొదట ర్యాలీ బడిలో పాఠాలు నేర్పి గానీ పోటీలోకి వదలని ఆ ఆటలో, టైరు, డిఫరెన్షియల్, సస్పెన్షన్‌ల ప్రవర్తనను అప్పటివరకు ఎవరూ ప్రయత్నించనంత నిష్ఠతో లెక్కగట్టారు. గుంతలో పడితే చక్రం వంగిపోతుంది, రేడియేటర్ పగిలితే ఇంజిన్ చేతులెత్తేస్తుంది. దాని పేరుకు కారకుడైన రిచర్డ్ బర్న్స్ 2001 నవంబర్ 25న ప్రపంచ విజేతై, సరిగ్గా నాలుగేళ్లకు అదే తేదీన, 2005లో, మెదడు కణితితో మరణించాడు. ఆట అమ్మకాలు ఆగిపోయినా చెక్, హంగేరీ తదితర దేశాల ఔత్సాహికులు దానిని వదలలేదు. కొత్త స్టేజీలు, కొత్త కార్లు, మెరుగుపరచిన భౌతిక సూత్రాలు చేర్చుతూ ఇరవై ఏళ్లు దాటినా సజీవంగా ఉంచారు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని సాదా కంప్యూటర్‌లో కూడా నడవగలిగిన ఈ ఆట, తక్కువ వనరులున్న చోట్ల ర్యాలీ అభిరుచిని నిలబెట్టగలిగిన ఘనకార్యం చేసింది. అంతకుమించిన ర్యాలీ ఆట నేటికీ రాలేదనే వాదనకు గట్టి బలమే ఉంది.

కోడ్‌మాస్టర్స్ మాత్రం 2007లో డర్ట్ అనే పేరు తగిలించి వేరే దారి పట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మెక్‌రే హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. తరువాతి డర్ట్ ఆటలలో బాణసంచా, విన్యాసాలు పెరిగి స్టేజీ పలచబడింది. 2015లో వచ్చిన డర్ట్ ర్యాలీ ఆ లోపాన్ని సరిదిద్ది, పాత నిష్ఠకు తిరిగి వచ్చింది. 2019 నాటి డర్ట్ ర్యాలీ 2.0లో ముందు వెళ్లిన కార్లు దారిని గాడులు చేయడం, ఆ గాడులలోనే వెనకవారు నడపవలసి రావడం నేలను నిజంగా గౌరవించిన పని.

ఈలోగా ఆటలు డిస్కులను వదిలి ఇంటర్నెట్ మీద ఆధారపడసాగాయి. స్టీమ్ అనే అంగడి 2015లో రూపాయల్లో ధరలు పెట్టింది. 2016 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ ప్రయోగానికి ఎంపికైనది కోనసీమలోని మోరి గ్రామమే. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇవ్వడం దాని ఉద్దేశం. అయితే అమలాపురంలో 2022 మే 24న చెలరేగిన హింస తరువాత అప్పటికి కొత్తదైన కోనసీమ జిల్లాలో పది రోజులకు పైగా ఇంటర్నెట్ నిలిచిపోయి, ఇంటినుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా సరిహద్దులు దాటవలసి వచ్చింది. నెట్ ఉంటే గానీ ప్రధాన భాగాలు తెరుచుకోని డర్ట్ ర్యాలీ 2.0 వంటి ఆటకూ, ఏ నెట్ లేకుండా నడిచే రిచర్డ్ బర్న్స్ ర్యాలీకీ తేడా ఇటువంటి రోజులలోనే తెలుస్తుంది. డబ్బు పెట్టి కొన్న ఆట కొన్నవాడి ఇంట్లో స్వతంత్రంగా నడవాలన్నది న్యాయమైన కోరిక.

గడియారాన్నే తీసేసి నేలనే ప్రతినాయకుడిని చేసిన మరో శాఖ కూడా ఉంది. 2014లో వచ్చిన స్పిన్‌టైర్స్, దాని వారసులైన మడ్‌రన్నర్, స్నోరన్నర్‌లలో లారీ బురదలో దిగబడితే, తాడును చెట్టుకు తగిలించి యంత్రంతో లాక్కోవాలి. చక్రం తిరిగిన కొద్దీ గాడి లోతవుతుంది, కంగారుపడి తొక్కితే ఇంకా దిగుతుంది.

2023లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పేరిట అధికారిక ప్రపంచ ర్యాలీ ఆటను అందించిన కోడ్‌మాస్టర్స్, 2025లో ఆ పనికి స్వస్తి చెప్పింది. అదే ఏడాది నవంబర్‌లో తొలి రూపంలో వచ్చిన అసెటో కోర్సా ర్యాలీ, అసలు దారులను లేజర్‌తో కొలిచి, మిట్టపల్లాలను ఉన్నవున్నట్టుగా తెరకెక్కించే పద్ధతిని చేపట్టింది. లేజర్ కొలిచేది ఒక రోజున ఉన్న దారిని. వాన పడితే, పది కార్లు వెళితే అది మరొక దారి అవుతుంది. కొలతలోని కచ్చితత్వాన్నీ, నేలలోని మార్పునూ ఒకే ఆటలో కలపడం ఇప్పుడు నిర్మాతల ముందున్న పని.