ముక్క ఒకటే, గట్లు రెండు

భద్రాచలం ఊరు దాటితే చాలు, ఎటపాక. ఊరేమో తెలంగాణ, ఎటపాకేమో ఆంధ్రప్రదేశ్. 2017 జూన్ నుంచి 2020 సెప్టెంబరు దాకా ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడితే ఇక్కడ నేరం, అక్కడ కాదు. ఈ సంగతి తట్టిన రోజు నాకు నవ్వాగలేదు. రాములవారి గుడి ఇటు, ఆయన మాన్యం అటు పురుషోత్తపట్నంలో. దేవుడికే తప్పని సరిహద్దు పేకముక్కకు తప్పుతుందా?

తవ్వితే ఇది ఇక్కడ పాత ఆనవాయితీ అని తేలింది.

జూదం మీద సర్కారు చెయ్యి వెయ్యడం ఎప్పటిదో. జూదశాలకు ఒక అధికారిని పెట్టి, గెలిచినవాడి దగ్గర నూటికి అయిదు వసూలు చెయ్యమన్నాడు కౌటిల్యుడు. అక్కణ్నుంచి ఒక్క గెంతున 1305 ఫసలీకి వస్తున్నాను, అంటే 1895-96. నిజాం సర్కారు జూదం చట్టం అప్పటిది. ఖమ్మం దాని కింద ఉండేది. గోదావరి ఆవలి భద్రాచలం 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వెళ్లింది. మద్రాసు వాళ్ల చట్టం 1930 నాటిది. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు గానీ, జూదం చట్టాలు మాత్రం తెలంగాణ ప్రాంతానికొకటి, ఆంధ్ర ప్రాంతానికొకటిగానే మిగిలాయి. 1965లో నది మీద వంతెన పడింది. చట్టాలు కలవడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది: 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఈ మధ్యలోనే ఉంది. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డారు. లోపల రమ్మీ నడుస్తోంది, బల్ల మీద పందెం డబ్బులున్నాయి. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. విచారణ ఆ నిజాం కాలపు చట్టం కిందే. జస్టిస్ హిదయతుల్లా తీర్పు 1968 లా రిపోర్టుల్లో కనిపిస్తుంది. మూడు ముక్కలాట ఒట్టి అదృష్టం. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటే. తీర్పు సారం ఇది. పేకాటలో జ్ఞాపకశక్తి ఎంతో దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చుని తూచిందంటే ముచ్చటగా లేదూ!

కొత్తగూడెంలో మా మేనమామ ఆ నేర్పున్నవాడే. పడిన ప్రతి ముక్కా పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకునేవాడు. ఓ రాత్రి వరసగా పోతుంటే పక్కనున్నాయన ముక్కలు లాక్కుని, "ఇక చాల్లే బావా, లే!" అన్నాడు. మామ తిట్టుకుంటూనే చెప్పులేసుకున్నాడు. తీర్పుకెక్కని కట్టడి అది. ఫోనులోకి వెళ్లాక మనం పోగొట్టుకున్నది ఆ పక్కనున్న మనిషిని. దుప్పటి కింద ఆడేవాణ్ని లెమ్మనేదెవరు?

ఆ తీర్పు నీడలోనే ఆన్‌లైన్ రమ్మీ బతికింది. 2017లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి, నేర్పు ఆటైనా సరే డబ్బు ఒడ్డితే జూదమేనంది. మూడేళ్లకు ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. బెట్టింగ్, జూదం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవి కనుక ఎవరి గట్టు వారిది. ఈలోగా కేంద్రం 2023 అక్టోబరు నుంచి ఆటకు కట్టే సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వేసింది. కౌటిల్యుడు అయిదు దగ్గరే ఆగాడు, అమాయకుడు! రెండేళ్లు తిరక్కుండానే 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో ఇంకో చట్టం వచ్చింది: నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్నే లేదు, డబ్బుతో ఆన్‌లైన్ ఆట నిషిద్ధం. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా.

నిషేధం మంచిదేనంటాను. కానీ ఆ పన్ను రాబడి తీపి తెలిశాక వచ్చిన జ్ఞానోదయమిది; అంతకుముందు మునిగిన కొంపలకు ఎవరు జవాబుదారీ? ఒకటి మాత్రం గమనించండి. ఈ కేంద్ర చట్టం ఆడినవాణ్ని కాదు, ఆడించేవాణ్ని శిక్షిస్తుంది. పోగొట్టుకున్నవారెవరైనా ఇది చదువుతుంటే, దాచుకోకండి. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. "ఇక చాల్లే, లే" అనడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.