కీళ్లవాతపు మందు – చెన్నపురిలో చదివిన తెలుగువాడు

ఉగాదికి కలిసిన పెద్దలు కుశలప్రశ్నలు కాగానే కీళ్లనొప్పుల మాట ఎత్తడం మన సంఘంలో పరిపాటి. ఎవరి తైలం వారిది, ఎవరి వైద్యుడు వారివాడు. ఈ బాధలలో ఒకదానికి నేడు ప్రపంచమంతటా వాడే ముఖ్యమైన మందు వెనుక చెన్నపట్నంలో చదువుకొన్న తెలుగువాడొకడున్నాడన్న సంగతి మనలో చాలమంది ఎరుగరు. ఆ చరిత్ర కొంత ఇక్కడ వ్రాస్తున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించినారు. తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, మద్రాసు వైద్యకళాశాలలో చేరినారు. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్సకు ఖద్దరు అంగీ తొడిగి, ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చినది. సర్కారు వైద్యశాఖలో చోటు దొరకలేదు. చెన్నపురిలోనే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, పిమ్మట మామగారి సాయంతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి అభయంతోను అమెరికా వెళ్లినారు. పట్టా తగ్గించినవారు తెలియకుండానే లోకానికి మేలు చేసినారేమో!

1940లో ఆయన లెడర్లే పరిశోధనశాలలో చేరినారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. తరువాత దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వెలువడినవి. 1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు అమినోప్టెరిన్‌తో పసిపిల్లల రక్త క్యాన్సరును కొంతకాలం లొంగదీసినారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూసినారు. 1951లో అమెరికా వైద్యులు అదే అమినోప్టెరిన్‌ను కీళ్లవాత రోగులకిచ్చి గుణం చూచినారు. అయినా రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా ప్రభుత్వం అంగీకరించేసరికి 1988 వచ్చినది.

ఈ మందు వారానికొక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. బాధలు తగ్గడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. చూచినారా, మందూ దాని తోడూ ఒకే శాల నుండి వచ్చినవి!

అన్ని కీళ్లనొప్పులకూ ఇది మందు కాదు. వయసుతో అరిగిన మోకాలికి దీనితో పనిలేదు. ఉదయం లేచినది మొదలు గంటసేపు వేళ్లు బిగుసుకొని, రెండు చేతుల చిన్న కీళ్లు వాస్తూ ఉంటే రుమటాలజిస్టును చూడాలి. తైలాలతో నెలలు గడిపితే కీలు వంకరపోతుంది, మళ్లీ తిన్నబడదు. సుబ్బారావుగారి కళాశాలకు చేరిన, సెంట్రల్ స్టేషను ఎదుటి ప్రభుత్వాసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగమున్నది. పాత చీట్లు, రక్తపరీక్షల కాగితాలు వెంట తీసుకొని వెళ్లండి. మందు మొదలైన తరువాత లివరు, రక్తకణాల పరీక్షలు గడువు తప్పరాదు. బిడ్డను కనదలచిన దంపతులు ఆ మాట వైద్యునికి ముందే చెప్పాలి.