జ్వరం తగ్గిన తరువాత

వ్యాధి నయమైనా దాని ప్రభావం పిల్లల మెదడుపై కొంతకాలం నిలిచిపోవచ్చునని చరిత్ర చెబుతున్నది.

1917లో వియన్నా వైద్యుడు కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకోనమో మెదడువాపుతో కూడిన ఒక నిద్రవ్యాధిని వర్ణించారు. తరువాత అది అనేక దేశాలకు వ్యాపించింది. కోలుకున్న బాలలలో కొందరు రాత్రులు మేల్కొని పగలు నిద్రించేవారు. నెమ్మదస్తులైన పిల్లలు దుడుకువారయ్యారు. తెలివి తగ్గకపోయినా బడిలో ఇమడలేకపోయారు.

ఆ వ్యాధికి కారణం నేటికీ తేలలేదు. దానిని కరోనాతో ముడిపెట్టరాదు. అయినా అది నేర్పిన పాఠం నేటికీ పనికివస్తుంది. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ వైద్యులు పిల్లలలో కోవిడ్‌తో సంబంధమున్నట్లు తోచిన ఒక తీవ్రమైన వాపు వ్యాధి గురించి హెచ్చరించారు. కోవిడ్ సోకిన పిల్లలలో కొద్దిమందికి మూర్ఛలు, స్పృహలో తడబాటు కూడా కనిపించాయి. ఇవి అరుదు, అత్యధికులు కోలుకున్నారు. 2023 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల కోవిడ్ అనంతర స్థితిని నిర్వచించింది. సోకిన 3 నెలల లోపు మొదలై, కనీసం 2 నెలలు ఉండే లక్షణాలను అందులో చేర్చింది. అలసట, వాసన తెలియకపోవడం, ఆందోళన వాటిలో ముఖ్యమైనవి.

మన పిల్లలు రాష్ట్రభాషతో పాటు తెలుగు లిపినీ నేర్వవలసినవారు. చదువు మందగించగానే తెలుగు మాన్పించడం సులువుగా తోస్తుంది. అలా చేయకండి. ఈ మార్పు ఎప్పటినుండి? ముందు జ్వరం వచ్చిందా? నిద్ర ఎలా ఉన్నది? ఈ మూడూ అడిగి, అనుమానముంటే వైద్యునికి చూపండి. అంతవరకు గుణింతాలు, ఒత్తులు కొద్దికొద్దిగా చెప్పండి. అలసటకు బద్ధకమని పేరు పెట్టకండి.