దేవిడీ గడప నుంచి కార్ఖానా గడప దాకా

కిందటి చలికాలంలో ఒక మధ్యాహ్నం తలాబ్‌కట్ట గల్లీలో లక్కగాజులకు రాళ్ళు అతికే ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతోంది. ఆవిడ చేతులు ఆగటం లేదు. ఇంటికి మాలు తెచ్చిపడేసి, తయారైన గాజులు లెక్కబెట్టి తీసుకుపోయే మనిషి గురించి అడిగాను. "వాడు మంచివాడైతే మన నసీబు. చెడ్డవాడైతే రోజీ అయినా వుంటుంది, ఇజ్జత్ అయినా వుంటుంది. రెండూ వుండవు బేటా" అంది. మరి ఎవరికైనా చెప్పుకోవచ్చు గదా ఖాలా అంటే నవ్వింది. "చెప్తే పోయేది కూడా మన ఇజ్జతే గదా!"

ఆ రెండు వాక్యాల్లో ఈ నగరపు రెండు వందల ఏళ్ళ శ్రమ చరిత్ర వుందని నాకనిపించింది. పనిచోట ఆడదాని మీద జరిగే లైంగిక వేధింపును మనం సాధారణంగా ఒక మగవాడి చెడ్డ బుద్ధిగా చూస్తాం. లేకపోతే ఈ మధ్య కంపెనీ ఆఫీసుల్లో పుట్టుకొచ్చిన సమస్యగా చూస్తాం. రెండూ పొరపాటే. రొట్టె ఎవరి చేతిలో వుంది, ఫిర్యాదు విని తీర్పు చెప్పేది ఎవరు అనే రెండు ప్రశ్నలు వేసుకుంటే తప్ప దీని అసలు స్వరూపం బయటపడదు. ఆ ప్రశ్నలతో పాతబస్తీ చరిత్రను ఒకసారి తిరగేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

*

నిజాం కాలంలో పాతబస్తీ ఆడవాళ్ళకు దొరికిన పెద్ద పనిచోటు దేవిడీ. ఎత్తయిన గోడల వెనక, జనానాలో, తరతరాలుగా చాకిరీ చేసే స్త్రీలు వుండేవారు. వాళ్ళకు జీతం కంటే తిండీ బట్టా ఎక్కువ. యజమాని ఇల్లే వాళ్ళ ఇల్లు. పని మానటమంటే ఇల్లు లేకుండా పోవటం. ఇటువంటి చోట "వద్దు" అనే మాటకు అర్థమేముంటుంది? అడిగేవాడూ అన్నం పెట్టేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయినచోట, ఆడమనిషి మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టటం యజమానికి ఎంతో సులువు.

ఇదే వ్యవస్థ పల్లెల్లో దొరల గడీలలో మరో పేరుతో నడిచింది. దొరబిడ్డ పెళ్ళిలో సామానుతో పాటు ఆడపిల్లలను దాసీలుగా అత్తవారింటికి పంపేవారు. వాళ్ళనే ఆడబాపలన్నారు. ఇంటిచాకిరీ, అల్లుడి పడక, రెండూ వాళ్ళ "పని"లో భాగమే. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్ర రాస్తూ వెట్టి రూపాల్లో దీనిని కూడా లెక్కించారు. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు" నవల ఆ గడీ లోపలి బతుకును తెలుగు పాఠకుడి ముందు పెట్టింది. అంటే భూస్వామ్య వ్యవస్థలో స్త్రీ శ్రమనూ శరీరాన్నీ విడివిడిగా చూసే పద్ధతే లేదు. శ్రమ మీద హక్కు వున్నవాడికి శరీరం మీద హక్కు దానంతటదే సంక్రమించేది.

నగరపు దేవిడీల గుట్టు విప్పిన పని ఉర్దూలో వాజిదా తబస్సుమ్ చేసింది. ఆమె కథ "ఉతరన్" గుర్తుకు తెచ్చుకోండి. ఉతరన్ అంటే విడిచేసిన బట్టలు. దొరసాని కూతురు విడిచినవి తొడుక్కుని పెరిగిన పనిమనిషి కూతురి కథ అది. ఇటువంటి కథలు రాసినందుకు వాజిదా మీద అశ్లీల రచయిత్రి అనే ముద్ర పడింది. ఆలోచించండి: దేవిడీలో జరిగింది అశ్లీలం కాలేదు, దానిని కాగితం మీద పెట్టటం అశ్లీలమైంది! చెప్పినదాని పరువే పోతుందన్న తలాబ్‌కట్ట పెద్దావిడ మాట అక్షరాలా రచయిత్రి విషయంలోనూ నిజమైంది. అయితే ఆ కథలో ప్రతీకారం ఒంటరిది. పనిమనిషి కూతురు తన అవమానానికి ఒక్కతే, తనకు అందిన ఒకే ఒక్క దారిలో బదులు తీర్చుకుంటుంది. పక్క దేవిడీలోని మరో పనిపిల్లతో చేయి కలిపే దారి ఆమెకు కనబడదు. అది రచయిత్రి లోపమని కొట్టిపారేయటం కంటే, ఆనాటి సమాజం ఆ దారి మూసివుంచిందని గుర్తించటం న్యాయం.

1948 సెప్టెంబరులో నిజాం పాలన కూలింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీలు చితికిపోయాయి. వాటి మీద బతికిన నౌకర్లు వీధిన పడ్డారు. కాని గడప మారిందే తప్ప సంబంధం పూర్తిగా మారలేదు. కొందరు కొత్త ధనికుల ఇళ్ళలో పనికి కుదిరారు. బీడీలు, అగరుబత్తీలు, జరీపని, లాడ్‌బజార్ గాజుల పని ఎందరి ఇళ్ళలోకో నడిచివచ్చాయి. పాతబస్తీలో ఇప్పుడు ఇల్లే కార్ఖానా. యజమాని కనబడడు. కనబడేది మధ్యవర్తి.

*

1978 మార్చి చివర. ఇది పాతబస్తీలో కాదు, మూసీకి ఇవతల నల్లకుంటలో జరిగింది. సినిమా చూసి రాత్రివేళ తిరిగివస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకుని ఠాణాలో అత్యాచారం చేశారు. అడ్డుకున్న భర్త, రిక్షా తొక్కి బతికే అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులు దోషులేనని చెప్పింది. కాని కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులు విడుదలయ్యారు. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన అంతా ఒకటే: ఆమె మంచిది కాదు, ఆ పెళ్ళి పెళ్ళి కాదు.

పనిచోట వేధింపు గురించి రాస్తూ ఈ ఘటన ఎందుకు తెస్తున్నానని పాఠకులు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, ఫిర్యాదు రాసుకోవలసిన పుస్తకమే నేరస్థుడి చేతిలో వుంటే ఏమవుతుందో ఈ నగరం కళ్ళారా చూసింది. రెండవది, మథుర కేసులో 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టుకు రాసిన బహిరంగ లేఖ, రమీజాబీ కోసం హైదరాబాదులో లేచిన ఆగ్రహం, దేశమంతటా మహిళాసంఘాల ఆందోళన కలిసి 1983లో చట్టాన్ని మార్పించాయి. ఆ సవరణలో మనం తరచు గమనించని సంగతి ఒకటుంది. పోలీసు, జైలు అధికారి, ఆసుపత్రి యాజమాన్యం, ప్రభుత్వోద్యోగి తమ అధికారాన్ని ఆసరా చేసుకుని స్త్రీని లొంగదీసుకోవటాన్ని ప్రత్యేక నేరాలుగా అది గుర్తించింది. లొంగుబాటు వేరు, అంగీకారం వేరు అనే సత్యానికి అలా చట్టంలో కొంత చోటు దొరికింది. ఆ తర్వాత పనిచోటుకు వచ్చిన చట్టమంతా నిలబడింది ఈ పునాది మీదనే.

అదే 1978లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది. ఆ స్త్రీలు దొరల మీద పోరాటం గురించే కాదు, పోరాటం లోపల తమకెదురైన వివక్ష గురించి కూడా మాట్లాడారు. దానిని చదివి నొచ్చుకున్నవాళ్ళు మనలో వున్నారు. నొచ్చుకోవటం కంటే నేర్చుకోవటం మేలు.

*

ఒక బాధకు పేరు లేనంతకాలం అది ఎవరికి వారి తలరాతగానే వుంటుంది. "లైంగిక వేధింపు" అనే మాట ఇంగ్లీషులో కూడా పాతది కాదు. 1975లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదులుకోవలసి వచ్చిన ఒక స్త్రీ తరఫున కూడిన ఆడవాళ్ళు ఆ మాటను ప్రచారంలోకి తెచ్చారు. మన 1860 నాటి శిక్షాస్మృతికి తెలిసింది "స్త్రీ మర్యాదకు భంగం" మాత్రమే. మర్యాద, శీలం, ఇజ్జత్ - మాట ఏదైనా, కొలిచేది స్త్రీని. మగవాడి అధికారాన్ని కొలిచే మాట వాటిలో లేదు.

ఆ మాట చట్టంలోకి వచ్చిన దారి రక్తసిక్తమైనది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వరీదేవి ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసేది. కుమ్మరి కులస్థురాలు. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992 సెప్టెంబరులో పెత్తందారీ కులంవాళ్ళు ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను విడుదల చేసింది. అయితే ఆమె పని చేస్తూ వుండగా, పని చేసినందుకే దాడికి గురయిందని మహిళాసంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. ప్రతి పనిచోటా ఫిర్యాదుల కమిటీ వుండాలంది. 1999లో మరో తీర్పు, శరీరాన్ని తాకితేనే వేధింపు అనే వాదాన్ని తోసిపుచ్చింది. పార్లమెంటు చట్టం చేయటానికి మాత్రం 2013 దాకా పట్టింది.

ఈ చట్టం వేధింపును ఎలా గుర్తిస్తుందో తెలుసుకోవటం ప్రతి శ్రామికురాలికీ అవసరం. ఇష్టం లేకుండా తాకటం, దగ్గరకు రాబోవటం, లైంగికంగా లొంగమని అడగటం, బూతు ధ్వనించే మాటలు, బూతుబొమ్మలు చూపటం, మాటతో, చూపుతో, సైగతో చేసే మరే అవాంఛనీయ ప్రవర్తన అయినా వేధింపే. చేసినవాడి ఉద్దేశం పరిహాసమా కాదా అన్నది కాదు, ఆమెకు ఇష్టమా కాదా అన్నదే కొలత. "నా మాట వింటే మేలు, లేకుంటే పని పోతుంది" అనే బెదిరింపు పైకి అన్నా, అనకుండా తెలిసేలా చేసినా నేరమే.

తలాబ్‌కట్టకు అన్వయించి చూడండి. మాలు లెక్కబెట్టేటప్పుడు చేయి పట్టుకోవటం వేధింపు. చేయి విడిపించుకున్న మర్నాడు డజను గాజులు "ఖరాబ్" అని పక్కన పడేసి కూలి కోయటం ఆ వేధింపుకు రెండో సగం. మొదటి సగాన్ని శీలం సమస్యగా, రెండో సగాన్ని కూలి సమస్యగా విడదీసినంతకాలం రెండూ అర్థం కావు. సంఘం వాళ్ళం రెండోదానికి మాత్రమే జెండా పట్టాం. మొదటిది "ఇంటి విషయం" అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను.

*

చట్టం ప్రకారం పదిమందికి తక్కువ కాకుండా పనిచేసేచోట యజమానే అంతర్గత కమిటీ వేయాలి. పెద్ద వుద్యోగంలో వున్న స్త్రీ దానికి అధ్యక్షురాలు, బయటి సంస్థ మనిషి ఒకరు సభ్యులు, సగం మందికి తగ్గకుండా స్త్రీలు. మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి; తగిన కారణముంటే మరో మూడు నెలల గడువు. తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. కమిటీ వేయని యజమానికి యాభైవేల దాకా జరిమానా. ఇది ఆఫీసుల సంగతి.

మరి గల్లీ సంగతి? ఇల్లు కూడా పనిచోటే కావచ్చునని ఈ చట్టం ఒప్పుకుంది. ఇళ్ళలో పనిచేసే స్త్రీలను పేరుపెట్టి చేర్చింది. పదిమంది లేని చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదనే అయినప్పుడు, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. కాగితం మీద ఇది గొప్ప ముందడుగు. ఆచరణ? జిల్లాల్లో అధికారులను నియమించి ఈ కమిటీలు వేయమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. చట్టం వచ్చిన పదకొండేళ్ళ తర్వాత! నేను తిరిగిన గల్లీలలో అడిగిన ఆడవాళ్ళెవరూ స్థానిక కమిటీ పేరు వినలేదు. పైగా దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు శిక్ష అనే సెక్షన్ ఇదే చట్టంలో వుంది. రుజువు చేయలేకపోవటం దురుద్దేశం కాదని అక్కడే రాసి వున్నా, బెదిరించేవాడు ఆ మాట చెప్పడు గదా.

నివారణ అంటే గోడ మీద బోర్డు కాదు. బాధితురాలి బతుకుతెరువు ఒకే మనిషి గుప్పిట్లో వుండకుండా చేయటమే అసలు నివారణ. మాలు ఒక్కొక్క గడప దగ్గర కాకుండా నలుగురు ఆడవాళ్ళు కూడినచోట, పగటిపూట లెక్క కావాలి. ఎన్ని గాజులు ఇచ్చింది, ఎన్ని తిప్పికొట్టారు, ఎందుకు తిప్పికొట్టారు అన్నది చీటీ మీద రాసుకోవాలి. అదే రేపు సాక్ష్యం. స్థానిక కమిటీ చిరునామా ఉర్దూలోనూ తెలుగులోనూ రేషను దుకాణం ముందు, బస్తీ దవాఖానా ముందు రాసిపెట్టాలి. ఫిర్యాదు చేయబోయేదానితో ఒకరు తోడు వెళ్ళాలి. ఇవి సంఘాలు చేయగల పనులు. రచయితలుగా మనం చేయవలసింది మరొకటుంది: చెప్పినదాని పరువు పోతుందనే భావాన్ని మన కథల్లోంచి, విమర్శలోంచి, మన సంఘాల్లోంచి ముందు తుడిచెయ్యాలి. మన సంఘానికి అంతర్గత కమిటీ వుందా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలగాలి.

లేచి వస్తుంటే ఆ పెద్దావిడ అడిగింది: "ఆ కమిటీ ఎక్కడుంది బేటా? అక్కడికి నేను నడిచి పోగలనా?" నాకు జవాబు తెలియలేదు. ఆ జవాబు కనుక్కుని మళ్ళీ ఆ గల్లీకి వెళ్ళటం నా బాధ్యత. నా ఒక్కరిదే కాదనుకుంటాను.