కెరించి అడవిలో పొట్టి మనిషి

సుమత్రా దీవిలో కెరించి అగ్నిపర్వతం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా 'ఒరాంగ్ పెండెక్' గురించి చెప్పుకుంటున్నారు. పేరుకు తగ్గట్టే పొట్టి మనిషి. మూడు నాలుగు అడుగుల ఎత్తు, ఒళ్లంతా వెంట్రుకలు, మల్లయోధుడి భుజాలు, రెండు కాళ్ల నడక. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని కూడా కొందరంటారు. ఈ కథ విన్న బయటివాళ్లు మాత్రం దాన్ని ఎప్పటికప్పుడు తమ కాలపు కొలతతోనే కొలిచారు.

13వ శతాబ్దం చివర ఈ దీవిలో ఆగిన మార్కో పోలో తోకలున్న మనుషుల గురించి రాశాడు. మరుగుజ్జు మనుషులంటూ వర్తకులు అమ్మే కళేబరాలు నిజానికి వెంట్రుకలు తీసి ఎండబెట్టిన కోతులవేనని బయటపెట్టిందీ ఆయనే. 1783లో విలియం మార్స్‌డెన్ తన సుమత్రా చరిత్రలో 'ఒరాంగ్ గుగు' అనే రోమశ జనాన్ని ప్రస్తావించాడు. మాట్లాడగలగడం తప్ప బోర్నియో ఒరాంగుటాన్‌కూ వాళ్లకూ పెద్ద తేడా లేదన్నాడు. అడవిబిడ్డలను మనుషుల్లో కలపాలా, జంతువుల్లో కలపాలా అని తూచిన ఆనాటి వలసవాద బుద్ధి ఆ వాక్యంలో కనిపిస్తుంది. అది చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

డచ్చి పాలనలో కథ ప్రయోగశాలకెక్కింది. 1923లో వాన్ హెర్వార్డెన్ అనే డచ్చివాడు చెట్టు మీద అలాంటి ప్రాణిని చూశానన్నాడు. చేతిలో తుపాకీ ఉన్నా, మనిషి పోలిక చూసి కాల్చలేకపోయానని రాశాడు. బోగోర్ జంతుశాస్త్ర మ్యూజియంలో పనిచేసిన డామర్‌మన్ తనకందిన అడుగుజాడల అచ్చులు పరిశీలించి, అవి మలయా ఎలుగు వెనక పాదాలవని తేల్చాడు. 1932లో పిల్ల ఒరాంగ్ పెండెక్ అంటూ ఒక కళేబరం దొరికింది. చూస్తే అది వెంట్రుకలు గొరిగిన కొండముచ్చు జాతి కోతి! మార్కో పోలో పట్టిన మోసమే ఆరు శతాబ్దాల తర్వాత మళ్లీ అదే దీవిలో జరిగింది.

1989లో బ్రిటిష్ రచయిత్రి డెబీ మార్టిర్ కెరించికి వచ్చి ఈ కథలు విన్నారు. ఆ ప్రాణిని కళ్లారా చూశానని కూడా చెప్పారు. జాడల కోసం, ఫొటోల కోసం ఏళ్ల తరబడి వెతికారు. తిరుగులేని రుజువు దొరకలేదు. కానీ ఆ వెతుకులాట ఆమెను అక్కడే నిలిపింది. కెరించి సెబ్లాట్ జాతీయవనంలో పులుల రక్షణ దళాలను నడిపించి, వేటగాళ్ల ఉచ్చులు తీయించారు.

ఎముక గానీ దంతం గానీ దొరకనిదే ఒరాంగ్ పెండెక్ ఉందని నేననను. అలాగని చూశామనే రైతులను అబద్ధాలకోరులనీ అనలేను. మసక వెలుతురులో నిలబడిన ఎలుగు, నేల మీద రెండు కాళ్లతో నడిచే సియామాంగ్ అనే గిబ్బన్ ఎవరినైనా తికమకపెట్టగలవు. పైగా ఆ అడవులన్నీ మనకు తెలిసిపోయాయనీ అనలేం: అదే దీవిలో బటాంగ్ తోరు అడవుల ఒరాంగుటాన్లు వేరే జాతి అని శాస్త్రం గుర్తించింది 2017లోనే. అప్పటికే అవి 800 కంటే తక్కువ మిగిలాయి.