ఆపదవేళ రైలు: హోసూరు, కృష్ణగిరి సీమ కథ

బ్రతుకుతెరువుకై ఈ సీమకు వచ్చి స్థిరపడిన మన కుటుంబాలకు హోసూరు రైల్వే స్టేషను పరిచయమైన చోటే. అయితే ఈ సీమకు మొదట రైలు వచ్చినది ప్రయాణీకుల సౌకర్యం కొరకు కాదు, ఆపదలో ఆదుకొనుట కొరకు. రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే మేము ఆ కథ నాలుగు మాటలలో మనవి చేస్తాము.

ధాత నామ సంవత్సరంలో, అనగా 1876లో, పట్టిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. నాడు హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలం జిల్లాలోనివి. ఓడలలో వచ్చిన ధాన్యం మద్రాసు సముద్రపు టొడ్డున కుప్పలు పడి ఉన్నది. రైళ్లు మోయగలిగినంత మోసినవి. కాని పట్టాలు లేని ఊళ్లకు ఎద్దుబండ్లే దిక్కు. ఎడ్లకేమో మేతా లేదు, నీరూ లేదు. ధాన్యం ఉండి కూడా మనుషులు మాడి చనిపోయినారు. ఒక చేతినుండి మరొక చేతికి అందవలసినది నడుమ తెగిపోయినది.

1880 నాటి కరువు కమిషను రైలుమార్గాలు పెంచవలెనని చెప్పినది. ఆ మీదట కరువు రక్షణకై రెండున్నర అడుగుల చిన్న గేజి పట్టాలు ఇక్కడ పడినవి. 1905లో తిరుపత్తూరునుండి కృష్ణగిరికి, 1906లో మొరప్పూరునుండి ధర్మపురికి రైలు వచ్చినది. 1913లో ఈ రెండవ మార్గమే హోసూరు చేరినది. కృష్ణగిరి రైలు 1936లోను, హోసూరు రైలు 1941లోను ఆగిపోయినవి. సేలం–బెంగుళూరు మార్గం వలన 1960ల చివర హోసూరుకు మళ్లీ రైలు వచ్చినది. కృష్ణగిరి పట్టణానికి నేటికీ లేదు.

ఆ మార్గం మీదనే 2015 ఫిబ్రవరి 13 ఉదయం, ఆనేకల్, హోసూరుల నడుమ, బెంగుళూరు–ఎర్నాకుళం ఇంటర్‌సిటీ పట్టాలు తప్పినది. ఒక పెట్టె మరొక పెట్టెలోనికి చొచ్చుకొనిపోయినది. ముందుగా పరుగెత్తి వచ్చినవారు చుట్టుప్రక్కల జనమే. లోపల ఇరుక్కున్నవారి కొరకు గ్యాసు కట్టరులతో ఇనుము కోయవలసి వచ్చినది. పలువురు ప్రాణాలు కోల్పోయినారు.

ఇట్టి వేళ ఎవరి పని ఏదో రైల్వేలో ముందే వ్రాసి ఉంటుంది. గార్డు వెనుకనుండి మరొక బండి రాకుండా కాపు కాయవలెను. స్టేషను మాస్టరు కంట్రోలుకు కబురు చేయవలెను. సైరను మోగిన 15 నిమిషాలలో, సైడింగుకు ఒక్కవైపే దారి ఉంటే 20 నిమిషాలలో, వైద్యుల బండి కదలవలెను. సామగ్రితో సహాయ రైలు పగలైతే 30, రాత్రైతే 45 నిమిషాలలో బయలుదేరవలెను. కట్టరు పట్టినవాడు డాక్టరు చెప్పినది వినకపోతే, కోత వలననే లోపలివానికి ప్రమాదం. అందుకే ఈ పనులను విడివిడిగా నేర్చుకొన్నంత మాత్రాన చాలదు. అందరూ కలిసి అభ్యాసం చేయవలెను.

మాబోటి గుమాస్తాల వంతు పేర్ల జాబితా. చిన్న పనివలె కనిపిస్తుంది. కాని ఎక్కడో కడపలోనో, కర్నూలులోనో ఒక తల్లి టెలిఫోను ప్రక్కన కూర్చొని ఆ ఒక్క పేరు కొరకే ఎదురుచూస్తుంది. ఒక్క అక్షరం తప్పితే ఆమెకు కలిగే క్షోభ ఇంతా అంతా కాదు. కనుక చదువరులకు మా విన్నపం ఒక్కటే: టిక్కెట్టులో పేరు సరిగా వ్రాయించుకొనండి, ఇంటివారి నంబరు కాగితంపై వ్రాసి జేబులో ఉంచుకొనండి. ఆదుకొనే చేతులలో మన చేయి కూడా ఒకటి.

ధాత కరువునాడు తెగినట్లు ఆ చేతుల వరుస మరెన్నడూ తెగకుండుగాక!