ఉక్రేనియన్ జాతీయ అస్తిత్వం

తమది వేరే జాతి అన్న ఉక్రేనియన్ల భావనకు భాష, కొసాక్కులనే యోధుల గాథలు, పడిన కష్టాలు మూలాధారాలు. శతాబ్దాల పాటు సొంత రాజ్యం లేని ఆ జనాన్ని ఎక్కువగా నిలబెట్టింది భాషే.

988లో కీవ్ పాలకుడు వొలొదిమిర్ క్రైస్తవం స్వీకరించాడు. 1240లో మంగోలులు ఆ నగరాన్ని ధ్వంసం చేశాక ఆ ప్రాంతంలో అధిక భాగం లిథువేనియా, పోలండ్ ఏలుబడిలోకి పోయింది. 1648లో బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ నాయకత్వంలో పోలండ్‌పై తిరగబడిన కొసాక్కులు 1654లో రష్యా జారు రక్షణ కోరారు. 1775లో రష్యా రాణి కాథరీన్ వారి కోటను నేలమట్టం చేయించింది.

కోట పోయినా కొసాక్కు సాహిత్యంలో బతికాడు. ఇవాన్ కొట్ల్యారెవ్‌స్కీ 1798లో అచ్చయిన తన 'ఎనెయిదా'లో రోమన్ కవి వర్జిల్ వీరులను కొసాక్కులుగా మార్చి, జనం నోటి మాటల్లో నవ్వులు పూయించాడు. ఆ భాషకు మహోన్నత స్థానం తెచ్చినవాడు తరాస్ షెవ్‌చెంకో (1814–1861). భూస్వామికి కట్టుబడిన రైతుకూలీ కుటుంబంలో పుట్టాడు. కార్ల్ బ్ర్యుల్లోవ్ గీసిన కవి జుకోవ్‌స్కీ చిత్రాన్ని లాటరీకి పెట్టి, ఆ సొమ్ముతో 1838లో 2,500 రూబుళ్లు చెల్లించి మిత్రులు అతణ్ణి విడిపించారు. రెండేళ్లకు అతని కవితా సంపుటి 'కొబ్జార్' వెలువడింది. కొబ్జా వాద్యం మీటుతూ ఊరూరా పాడే గాయకుడని ఆ పేరుకు అర్థం. ఉన్నవి ఎనిమిది కవితలే. 1847లో అతణ్ణి బంధించి సామాన్య సిపాయిగా ప్రవాసానికి పంపారు; రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని జారు మొదటి నికొలస్ స్వహస్తాలతో ఉత్తర్వుపై రాశాడు. షెవ్‌చెంకో అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు కుట్టుకుని, వాటిలో కవితలు రాసి, బూటు గొట్టంలో దాచుకున్నాడు. రష్యా రాజధానిలో కన్నుమూసిన అతని దేహాన్ని 1861 మేలో కానివ్ వద్ద ద్నీపర్ ఒడ్డు కొండపై ఖననం చేశారు.

1863లో రష్యా మంత్రి వలూయెవ్ ఉక్రేనియన్‌లో మత, బోధనా గ్రంథాల ముద్రణను ఆపించాడు. 1876లో జర్మనీలోని ఎమ్స్ పట్టణంలో విడిది చేసిన అప్పటి జారు, విదేశాల నుంచి ఆ భాషా పుస్తకాలు రావడాన్నీ, ఆ భాషలో నాటకాలాడటాన్నీ నిషేధించాడు. అయితే ఆస్ట్రియా ఏలిన గలీషియాలో ముద్రణాలయాలు తెరిచే ఉన్నాయి. కీవ్‌లో చదివిన మిహైలో హ్రుషెవ్‌స్కీ 1894లో గలీషియాలోని ల్వీవ్ విశ్వవిద్యాలయానికి వచ్చి, తన బృహత్తర ఉక్రెయిన్ చరిత్రను అక్కడే మొదలుపెట్టాడు.

1918లో ప్రకటించిన స్వాతంత్ర్యం నిలవలేదు. సోవియట్ పాలనలో వచ్చిన 1932–33 కరువు, హొలొదొమోర్, 30 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. 1991 డిసెంబరు 1 ప్రజాభిప్రాయ సేకరణలో 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. 2022 రష్యా దాడి తర్వాత, రష్యనే ఇంటిభాషగా పెరిగినవారిలో పలువురు తమ పిల్లలతో ఉక్రేనియన్‌లో మాట్లాడటం మొదలుపెట్టారు.